వెదురు బొమ్మ మీద ఎర్ర ముద్ర

“నలభై నిమిషాలు పడుతుంది,” అన్నాను.

“పది చాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అయితే వాచీ చూసుకుని మీరే నూరండి. సాన అదిగో, సిరా కడ్డీ అదిగో, నీళ్ళు అవిగో.”

ఆయనకి డిపార్ట్‌మెంటులో గడియారం అని పేరు. ఎదుటి మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నా సరే, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి ఏడుపు మొదలైందో ముందు రాసుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఆయనా, ప్రైవేటు డిటెక్టివునైన నేనూ ఒక్కో కేసునీ రెండు వైపుల నుంచి తవ్వుతున్నాం. ఇన్నేళ్ళలో నేను గెలిచింది రెండే రెండుసార్లు. ఆ రెండు తేదీలూ ఆయనకి కంఠతా వచ్చు. ఓడిపోయినవి నేను లెక్కపెట్టుకోలేదు, నాకంత ఓపిక లేదు.

ఈసారి మాత్రం ఓడిపోవడానికి వీల్లేదు. సాయంత్రం ఐదింటికి కాగితాలు కోర్టుకి వెళ్తాయి. వాటితో పాటు, ఇరవై రెండేళ్ళుగా ఈ దుకాణానికి కుంచెలు కట్టిన మనిషి హంతకుడిగా వెళ్తాడు. ఆయన భార్య నిన్న మా ఆఫీసుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. “మా ఆయన ఎవరినీ చెయ్యెత్తి కొట్టే మనిషి కాదు అన్నయ్యగారూ. ఆయన్ని బయటికి తీసుకురండి” అంది. సరేనన్నాను. అప్పటికి నా చేతిలో పిసరంత ఆధారం కూడా లేదు. నోరు జారి మాటిచ్చి తర్వాత జుట్టు పీక్కోవడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బే.

మేం నిలబడింది దుకాణం వెనక గదిలో. చైనా, జపాన్ పద్ధతిలో కుంచె బొమ్మలు వేసేవాళ్ళకి కావలసిన సామానంతా ముందు గదిలో అమ్ముతారు. వెనక గది యజమాని బొమ్మలు వేసుకునే గది. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. మంగళవారం మధ్యాహ్నం ఈ బల్ల ముందు కూర్చుని ఉండగా ఆయన్ని ఎవరో చంపారు. కాగితం ఎగిరిపోకుండా పెట్టే జానెడు పొడవు ఇత్తడి బరువుతో, తల వెనక, ఒకే ఒక్క దెబ్బ. ఆ బరువుని శుభ్రంగా తుడిచి మళ్ళీ కాగితం మీదే పెట్టి వెళ్ళారు.

“మళ్ళీ ఒకసారి చెప్పమ్మా,” అన్నాను పెద్దాయన మేనకోడలితో. దుకాణం చూసుకునేది ఆమే. ముప్ఫై దాటిన మనిషి. ఈ నాలుగు రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

“ఒంటిగంటకి సాన కడిగి బోర్లించాను సార్. పొద్దుటి సిరా మధ్యాహ్నం వాడితే మావయ్య ఊరుకోడు. ఏ పూట సిరా ఆ పూటే నూరాలి. ఒంటిగంట యాభై ఐదుకి కాగితం చుట్టలు పట్టుకుని డ్రాయింగు స్కూలుకి వెళ్ళాను. అప్పటికి మావయ్య కౌంటరు దగ్గర ఉన్నాడు. మూడూ నలభైకి తిరిగొచ్చేసరికి...”

“చాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మిగతాది నేను చెప్తా. ఎదుటి కొట్లో టైలరు చూశాడు. రెండూ పదికి ముసలాయన కౌంటరు మీంచి లేచి ఈ గదిలోకి వచ్చాడు. కుంచెలు కట్టేవాడు అప్పటికే ఇక్కడ ఉన్నాడు. రెండూ ముప్ఫైకి సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఇరవై నిమిషాలు ఇద్దరే ఉన్నారు. పొద్దున వాడు ‘ఇంక నా వల్ల కాదు’ అని ముసలాయన మీద అరవడం ఈ అమ్మాయే విన్నది. ఇంకేం కావాలయ్యా డిటెక్టివూ?”

“రెండూ నలభైకి ఆయన బస్సెక్కాడు. కండక్టరు గుర్తుపట్టాడు. మూడూ ఇరవైకి వెంట్రుకల వ్యాపారి దగ్గర కుంచెలకి మేక వెంట్రుక బేరం చేస్తున్నాడు.”

“అప్పటికి ముసలాయన పోయాడు కాబట్టి నాకు బస్సుతో పనిలేదు.”

“పోలేదు. అదే నేను చెప్పేది. డాక్టరు రెండుకీ మూడున్నరకీ మధ్య అన్నాడు తప్ప రెండున్నరకి ముందే అనలేదు. ఈ బొమ్మ చూడండి.”

బల్ల మీద ఉన్ని గుడ్డ పరిచి ఉంది. దాని మీద పలచటి తెల్లకాగితం. కాగితం మీద ఒక వెదురు మొక్క, నాలుగు కణుపులు, పదకొండు ఆకులు. కింద మూల పెద్దాయన పేరున్న ఎర్ర ముద్ర. పక్కన సానలో నల్లటి సిరా గుంట నిండుగా ఉన్నట్టు మంగళవారం తీసిన ఫొటోలో ఉంది. కడ్డీని సాన మీద వదిలెయ్యకుండా తుడిచి పక్కన పెట్టారు. కుంచె కడిగి, మొన సరిచేసి, తలకిందులుగా తగిలించారు.

“సాన ఒంటిగంటకి కడిగి బోర్లించారు,” అన్నాను. “కాబట్టి ఈ సిరా తర్వాత నూరిందే. పెద్దాయన సీసా సిరా అమ్ముతాడు గానీ ఈ బల్ల మీదకి రానివ్వడు. గంధం అరగదీసినట్టు కడ్డీని నీళ్ళతో అరగదియ్యాల్సిందే. రెండూ పదికి మొదలుపెడితే గుంట నిండేసరికి రెండూ యాభై. బొమ్మ వేసి, ముద్ర కొట్టి, కుంచె కడిగేసరికి మూడు. మూడింటికి బతికున్న మనిషిని రెండున్నరకి ఎలా చంపుతారండీ?”

ఆయన మీసం కింద పెదవి కదిలింది. పది నిమిషాల్లో అయిపోతుందని పంతానికి పోయాడు. నేను కాదన్నాను. ఇదిగో ఇప్పుడు కోటు చేతులు పైకి మడిచి, వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని, సాన ముందు కూర్చున్నాడు.

పదకొండూ నాలుగు. మొదలుపెట్టాడు.

ఆరు నిమిషాలకి నీళ్ళు బూడిద రంగుకి తిరిగాయి. కుంచెతో ఒక గీత వేయించాను. అంట్లగిన్నె కడిగిన నీళ్ళలా పాకిపోయింది. పది నిమిషాలకి గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.

“అలా రుద్దకండి సార్, సాన గీరుకుపోతుంది,” అంది మేనకోడలు. “గుండ్రంగా, మెల్లిగా. చెయ్యి బరువు కూడా వెయ్యకూడదు.”

“చంటిపిల్లకి తల అంటుతున్నానా నేను?” అని కసిరాడు గానీ మెల్లిగానే తిప్పాడు. పద్దెనిమిది నిమిషాలకి చెయ్యి మార్చాడు. ఇరవై ఐదుకి చెమటలు కారాయి. పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. పాపిష్టి ఆనందమే గానీ పన్నెండేళ్ళ మీద వచ్చింది, వదులుకోలేకపోయాను.

పదకొండూ నలభై రెండుకి గీత నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. బొమ్మలో ఉన్నంత నలుపు. ముప్ఫై ఎనిమిది నిమిషాలు.

“రెండు నిమిషాలు మీకు వదిలేస్తాను,” అన్నాను.

ఇన్‌స్పెక్టర్ మణికట్టు నొక్కుకుంటూ చాలాసేపు బొమ్మ వైపు చూశాడు. మొండివాడే గానీ కళ్ళతో చూసినదాన్ని కాదనే రకం కాదు. జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. పెన్ను మూత తీశాడు. కుంచెలాయన బయటికొచ్చేశాడనే అనుకున్నాను నేను.

“సార్,” అంది మేనకోడలు. “మావయ్య సిరా నూరలేదు.”

“ఏంటమ్మా?”

“నూరలేడు సార్. ఎనిమిది నెలలుగా చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయేవి. ఎవరికీ తెలియకూడదని కౌంటరు కింద చేతులు దాచుకుని కూర్చునేవాడు. రోజూ భోజనాలయ్యాక కుంచెలాయనే ఈ గదిలో తలుపేసుకుని నూరిపెట్టేవాడు. నాకు తెలుసని వాళ్ళిద్దరికీ తెలియదు.”

ఒంటిగంట తర్వాత కుంచెలాయన ఎప్పుడు నూరడం మొదలుపెట్టినా, రెండూ పదికి సిరా సిద్ధం. నేను కట్టిన నలభై నిమిషాల గోడ ఒక్క మాటతో కూలిపోయింది. ఇందాక నూరినదంతా నా నెత్తినే నూరినట్టయింది.

“ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?” అని అరిచాను. పాపం, ఆ అమ్మాయి మీద అరవాల్సింది కాదు.

“మావయ్య పోయాక కూడా ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం ఇష్టంలేక సార్. కానీ ఈయన కష్టపడి నూరుతుంటే, అబద్ధం మీద...”

మునిగిపోయేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు. నేనూ పట్టుకున్నాను. “చేతులు వణికే మనిషి ఈ వెదురు ఎలా వేశాడు? ఒక్క గీత చెదరలేదే!”

మేనకోడలు తల దించుకుంది. “ఎనిమిది నెలలుగా మావయ్య ఒక్క బొమ్మ కూడా వెయ్యలేదు సార్. అన్నీ కుంచెలాయన వేసినవే. మావయ్య ముద్ర మాత్రం కొట్టేవాడు. అది కొట్టడానికే రెండు చేతులూ పట్టేవి.”

ఇన్‌స్పెక్టర్ మడిచిన కోటు చేతులు కిందికి దించుకుని, బొత్తాలు పెట్టుకుని, వాచీ కట్టుకున్నాడు.

“పదకొండూ యాభై,” అన్నాడు, రాసుకుంటూ. “ఇప్పటిదాకా నా దగ్గర ఒక కేక మాత్రమే ఉందయ్యా. ఎందుకు అరిచాడో తెలియదు. నువ్వొచ్చి కారణం తవ్వి చేతిలో పెట్టావు. వాడు వేస్తున్నాడు, ఈయన పేరు కొట్టేసుకుంటున్నాడు. రెండింటి లోపల సిరా నూరాడు, రెండూ పది తర్వాత బొమ్మ వేశాడు, రెండున్నర లోపల తల పగలగొట్టాడు. నీకు ఫీజు ఇవ్వాల్సింది వాడి పెళ్ళాం కాదు, డిపార్ట్‌మెంటు.”

ఆయన నూరిన సిరాని సాక్ష్యంగా ఒక చిన్న సీసాలో పోయించి, మూత బిగించి, టైము రాయించాడు.

*

స్టేషన్ లాకప్‌లో కుంచెలాయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన బక్కపలచటి మనిషి. వెంట్రుకల కట్టలకి దారం బిగించీ బిగించీ చూపుడువేలు మీద గాడి పడిపోయింది.

“సిరా మీరే నూరేవారట,” అన్నాను.

తలెత్తి చూశాడు. “ఎవరు చెప్పారు?”

“మేనకోడలు.”

“ఆ పిల్లకి తెలుసా? అయ్యో. ఎంత జాగ్రత్త పడ్డాం.” కళ్ళు మూసుకున్నాడు. “మరి బొమ్మల సంగతి?”

“అదీ తెలుసు.”

“ఆయన నా చేతులు పట్టుకుని అడిగాడు సార్. అంత మనిషి. ఒక్క నెల చాలన్నాడు, చెయ్యి కుదురుకునేదాకా. నాకు పెద్ద కష్టం అనిపించలేదు. కుంచె కట్టేవాడికి ఎవరు ఎక్కడ నొక్కుతారో, ఎక్కడ వదిలేస్తారో తెలియాలి. లేకపోతే వాళ్ళ చేతికి తగ్గ కుంచె కట్టలేడు. ఎవరి గీతైనా చూస్తే నా చేతికి వచ్చేస్తుంది. ఆయన గీత ఇరవై రెండేళ్ళు చూశాను.”

“మంగళవారం?”

“పొద్దున్నే చెప్పేశాను, ఇంక నా వల్ల కాదని. ముందు రోజు రాత్రి మా ఇంటావిడకి అంతా చెప్పుకున్నాను. మనసు ఉండబట్టలేదు. అయినా సిరా మాత్రం నూరిపెట్టాను, అలవాటు కొద్దీ. రెండున్నరకి నేను లేచేసరికి కాగితం తెల్లగానే ఉంది. ఆయన దాని ముందు కూర్చుని నా వైపు చూడలేదు.”

“తెల్లగా ఉందా?” నా ప్రాణం లేచొచ్చింది. “మీరు వెయ్యలేదా?”

“ఒట్టు సార్. నేను ముట్టుకోలేదు.”

అంటే రెండున్నర తర్వాత ఆ గదిలోకి మరో మనిషి వచ్చాడు. బొమ్మ వెయ్యడం వచ్చిన మనిషి. వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుంది, టైలరుకి కనబడదు. ఎవరి గీతైనా పట్టగల మనిషి నా ఎదురుగానే ఉన్నాడు. అంతకన్నా ఏం కావాలి? జేబులోంచి వెదురు ఫొటో తీసి కటకటాల సందులోంచి అందించాను.

“ఇది ఎవరి చెయ్యో చెప్పండి.”

ఆయన లేచి కిటికీ వెలుతురులోకి వెళ్ళాడు. మొదటి ఆకు చూశాడు. రెండోది చూశాడు. మూడో ఆకు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఒంట్లో రక్తమంతా ఎవరో తోడేసినట్టు ముఖం పాలిపోయింది. మిగతా ఆకులన్నీ ఒక్కసారి కళ్ళతో తడిమి, ఫొటోని తిరగేసి నాకు ఇచ్చేశాడు.

“నేనే వేశాను,” అన్నాడు.

“ఇప్పుడే కదండీ ఒట్టు పెట్టారు?”

“అబద్ధం చెప్పాను. బొమ్మా నేనే వేశాను, ఆయన్నీ నేనే చంపాను. ఆ గడియారాన్ని పిలవండి, రాసుకోమనండి.”

ఎంత బతిమాలినా ఇంకో మాట రాలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఒక మనిషి క్షణంలో తన ప్రాణం తీసి ఇచ్చేశాడంటే ఆ గీత ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఫొటో చూపించింది నేనే. చూపించకపోయి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

*

కుంచెలాయన భార్య స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ, సంచీలో మొగుడికి తెచ్చిన ఉతికిన చొక్కా. నేను పక్కన కూర్చున్నాను.

“ఆయనకి బొమ్మ ఫొటో చూపించాను చెల్లెమ్మా,” అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. “గుర్తుపట్టే ఉంటారు,” అంది. “ఆయన కట్టిన ప్రతి కుంచెనీ ఇంట్లో నేనే ఒక ఆకు వేసి చూస్తాను. మొన నిలిచిందా లేదా అని. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాను. నా ఆకు ఆయనకి తెలియకుండా ఉంటుందా? ఏమన్నారు?”

“తనే చంపానన్నాడు.”

సంచీని గట్టిగా గుండెకి హత్తుకుంది. అడక్కుండానే మొత్తం చెప్పింది.

“మూడు గంటలు కావస్తుండగా వెనక తలుపు లోంచి వెళ్ళాను, కట్టిన కుంచెలు ఇవ్వడానికి. ఆయన తెల్లకాగితం ముందు కూర్చుని ఉన్నాడు. కుంచె పట్టుకోలేక కింద పడేసుకున్నాడు. నేనే తీసిచ్చాను. జాలేసింది కూడా. అయ్యా, ఎనిమిది నెలలు మీ పరువు కాశాడు మా ఆయన, ఒక్క బొమ్మ మీద తన పేరు రాసుకోనివ్వండి, అన్నాను. వెంట్రుకలు కట్టేవాడికి పేరెందుకే, అన్నాడు.”

“తర్వాత?”

“నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేమన్నా బ్రహ్మవిద్యా, నేను కూడా వేస్తాను చూడండి, అని కూర్చుని వెదురు వేశాను. కోపంలో చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆయన వంగి చూశాడు. చాలా బాగుంది, అన్నాడు. పొంగిపోయాను అన్నయ్యగారూ, నిజం చెప్తున్నాను. ఆ మాట అని, రెండు చేతులతో ముద్ర ఎత్తి, నా బొమ్మ మీద కొట్టేశాడు. ‘ఇప్పుడు ఇదీ నాదే’ అని నవ్వాడు. బరువు నా చేతి పక్కనే ఉంది.”

ఆమె ఏడవడం లేదు. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“తర్వాత కుంచె కడిగాను. కడ్డీ తుడిచాను. పారిపోవాల్సింది పోయి, నిలబడి మొన సరిచేసి తగిలించాను. సిరాతో వదిలేస్తే వెంట్రుక పాడైపోతుంది. అది ఆయన కట్టిన కుంచె.”

“నిన్ననే ఈ మాట చెప్పి ఉంటే...”

“భయమేసింది. నా పేరు రాకుండా ఆయన్ని బయటికి తెచ్చే తెలివి మీకుందనుకున్నాను. ఇప్పుడు భయం లేదు. లోపలికి తీసుకెళ్ళి నన్ను పట్టించండి.”

నా క్లయింటుని నా చేతులతో పోలీసులకి అప్పగించడం ఇరవై ఏళ్ళ వృత్తిలో అదే మొదటిసారి. ఇన్‌స్పెక్టర్ ఆమె చెప్పినదంతా విన్నాడు, టైము రాసుకున్నాడు, పెన్ను కింద పెట్టాడు.

“మొగుళ్ళ కోసం పెళ్ళాలు ఇలా వచ్చి చెప్పడం పదిసార్లు చూశానయ్యా. వెనక సందులో నిన్ను ఎవరన్నా చూశారా అమ్మా? లేదు. బరువు మీద వేలిముద్రలా? లేవు. వాడు నేరం ఒప్పుకుని పెట్టిన సంతకం మాత్రం నా దగ్గర ఉంది.”

“బొమ్మ ఉంది కదా,” అన్నాను. “బొమ్మ అబద్ధం చెప్పదు. ఇద్దరి చేతా ఆ వెదురే వేయించండి. ఎవరి గీత అతికితే వాళ్ళు.”

అన్నాను. ఇంత వయసొచ్చిన వాణ్ణి, గంట కిందట కటకటాల దగ్గర విన్న మాట బుర్రకి ఎక్కించుకోకుండా, పెద్ద మేధావిలా ఆ మాట అన్నాను.

మూడూ పదికి మేనకోడలు దుకాణం నుంచి అదే కుంచె, అదే రకం కాగితం, ఉన్ని గుడ్డ తెచ్చింది. కాగితాలు వెళ్ళడానికి రెండు గంటలు కూడా లేవు, సిరా నూరే తీరిక ఎవరికీ లేదు. ఇన్‌స్పెక్టర్ పొద్దున నూరిన సిరా సీసా తెరిచారు. వెదురు అసలు బొమ్మ ఇద్దరికీ కనబడకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు.

ముందు ఆమె కూర్చుంది. ఆ కాగితం సంగతి చూస్తే గానీ తెలియదు. సిరాని ఇసక నీళ్ళు తాగినట్టు తాగుతుంది. చెయ్యి రెప్పపాటు ఆగితే అక్కడ మచ్చ పడుతుంది, ఇంక దాన్ని దిద్దడానికి వీలుండదు. నాలుగు రోజులుగా నిద్రలేని చెయ్యి అది. కాండం సగంలో ఆగింది. నల్లగా మచ్చ పాకింది. రెండో కాగితం ఇచ్చారు. ఆకులు తడిగుడ్డల్లా వేలాడాయి. మూడోది ఇంకా ఘోరం. ఆమె నా వైపు చూసిన చూపు తట్టుకోలేక కిటికీ వైపు తిరిగాను.

“ఇంకొకటి ఇవ్వండి సార్, వస్తుంది. రోజూ వేసేదే,” అంది.

“నాలుగోది కూడా ఇవ్వు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. న్యాయంగానే ఉన్నాడు, అది కూడా నాకు ఊరటగా లేదు. నాలుగోది మొదలుపెట్టకుండానే కుంచె చేతిలోంచి జారిపోయింది.

తర్వాత కుంచెలాయన్ని తీసుకొచ్చారు. పెళ్ళాం వేసిన కాగితాల వంక ఆయన చూడలేదు. కూర్చున్నాడు, కుంచె మొన సీసా అంచుకి ఆనించి సిరా తగ్గించుకున్నాడు, ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు కణుపులు. పదకొండు ఆకులు. నిమిషం కూడా పట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ బీరువా తెరిచి అసలు బొమ్మ తీశాడు. రెండు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. కాండం మీద కాండం, ఆకు మీద ఆకు. మూడో ఆకు మొన దగ్గర కుంచె కొంచెం ఎడమకి తిరిగి పైకి లేచింది రెండింట్లోనూ. అది ఆమె చేతి తీరు. దాన్ని కూడా తెచ్చిపెట్టాడాయన.

“ఇది దొంగ గీత!” అని అరిచాను. “ఎవరి గీతైనా తన చేతికి వస్తుందని ఈయనే నాతో చెప్పాడు!”

“ఎన్నింటికి చెప్పాడు?”

నేను టైము చూసుకోలేదు.

“రాసుకున్నావా? పక్కన ఎవరన్నా విన్నారా?” కుంచెలాయన వైపు తిరిగాడు. “అన్నావా అలా?”

“లేదు సార్,” అన్నాడు కుంచెలాయన. “నా గీత ఒకటే.”

“అది నా ఆకు!” అందామె. బల్ల అంచు పట్టుకుని లేచింది. “సార్, ఆ మూడో ఆకు చూడండి, అలా తిప్పేది నేనే. ఇరవై రెండేళ్ళుగా అలాగే తిప్పుతాను. ఆయనెప్పుడూ అలా వెయ్యడు. నా మాట నమ్మండి. నేనే చంపాను!”

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు కొంచెం జాలిగా చూశాడు. నోటుపుస్తకంలో మూడూ యాభై ఐదు అని రాసి, కింద గీత గీసి మూసేశాడు. కానిస్టేబులు రెండు బొమ్మల్నీ ఫైల్లో పెట్టి దారం కట్టాడు.

నేను ఇంకా ఏదో అనబోయాను. టైలరు, సందు, వెనక తలుపు, మళ్ళీ మొదటి నుంచి. కుంచెలాయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఒక మనిషి చావడానికి ఇంత ఓర్పుగా, ఇంత పనితనంతో పూనుకుంటే అడ్డుపడే విద్య నాకు ఎవరూ నేర్పలేదు. గదిలో ఉన్నవాళ్ళలో నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం. ముగ్గురిలో ఒక్కరి దగ్గర కూడా రుజువు లేదు. ఉన్న ఒక్క రుజువునీ ఆయన మా కళ్ళముందే నిమిషంలో చెరిపేశాడు.

ఆయన గ్లాసు నీళ్ళు అడిగి కుంచె కడిగాడు. వేళ్ళతో మొన సరిచేసి మేనకోడలి చేతికిచ్చాడు. కానిస్టేబులు భుజం తట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, అప్పుడు మొదటిసారి పెళ్ళాం ముఖంలోకి చూశాడు.

“మంగళవారం తెచ్చిన మేక వెంట్రుక సున్నపు నీళ్ళలో నానేశాను. ఆ సంగతే మర్చిపోయాను. ఇవాళైనా తీసి కడిగి నీడన ఆరెయ్యి. ఇంకా ఉంచితే కుళ్ళిపోతుంది.”

“ఆరేసి ఏం చెయ్యను?” అందామె. “ఎవరు కడతారు?”

“నువ్వు కట్టు,” అన్నాడు. “నీకు చెయ్యి తిరిగింది.”